స్టార్ కట్టని ఇల్లు

పాఠకులందరికీ క్రిస్మస్ శుభాకాంక్షలు.

ఏటా ఈ మాట నా సంవత్సరాంతపు ఉత్తరానికి చివరి వాక్యం. ఈసారి మొదటికి వచ్చింది. ఎందుకొచ్చిందో చెప్పాలంటే 2024 డిసెంబర్ 23, సోమవారం సాయంత్రం మారేడ్‌పల్లిలో మా మాస్టారి వరండాలో నడిచిన మాటలు చెప్పాలి. తొమ్మిది, పది తరగతుల్లో ఆయన నాకు సోషల్ చెప్పారు. మెదక్ దగ్గరి పల్లెటూరి మనిషి, సీఎస్ఐ చర్చి కుటుంబం. రిటైరై చాలా ఏళ్లయింది. నేను వారం వారం రాసే రాజకీయ వ్యాసాన్ని ఇప్పటికీ ఎర్ర పెన్ను పట్టుకునే చదువుతారు.

ఒక ఇంటి ముందు ధనుర్మాసపు ముగ్గు, పక్కింటి గేటుకు కాగితపు స్టార్: చిన్నప్పటి నుంచీ నాకు డిసెంబర్ అంటే మా వీధిలోని ఈ రెండే. మాస్టారి గేటు మీద స్టార్‌లో బల్బు అప్పుడే వెలిగింది. ఉత్తరం చిత్తుప్రతి ఆయన చేతికిచ్చాను. రెండుసార్లు చదివి, మడిచి, దాని మీద కళ్లజోడు పెట్టారు.

ఈ సంభాషణను ఆయన ఒప్పుకున్నాకే అచ్చుకిస్తున్నాను. ఒక కుటుంబం ఆనవాళ్లు తెలియకుండా వావివరసలు, ఇల్లు ఉన్న చోటు మార్చాను.

మాస్టారు: మంచిగనే రాసినవ్ బిడ్డా. కానీ చివరి పేరా తీసెయ్.

నేను: శుభాకాంక్షల పేరానా? ఇంకేదైనా తీసేయమంటే తీసేసేదాన్ని. ఇన్నేళ్లుగా ఉత్తరం దాంతోనే ముగుస్తోంది మాస్టారూ.

మాస్టారు: అందుకే అంటున్న. దాని పైపేరా ఒకసారి చదువు, డిసెంబర్ 25 గురించి రాసింది.

నేను: "1924 డిసెంబర్ 25న మెదక్ చర్చి ప్రతిష్ఠ జరిగింది. ఆ రోజే గ్వాలియర్‌లో వాజ్‌పేయి పుట్టారు. ఎల్లుండితో రెండింటికీ నూరేళ్లు. 2014 నుంచి కేంద్రం ఆ రోజును సుపరిపాలన దినంగా జరుపుతోంది. 1927లో అదే తేదీన మహాడ్‌లో అంబేడ్కర్, ఆయన సహచరులు మనుస్మృతిని తగలబెట్టారు. 1968లో అదే రాత్రి తంజావూరు జిల్లా కీళ్‌వెణ్మణిలో 44 మంది దళితులను గుడిసెలో సజీవంగా కాల్చేశారు." ఒక్క తేదీలో ఇంత దేశం ఉంది. అది చెప్పడం తప్పా?

మాస్టారు: తప్పని ఎవరన్నరు? తారీఖులన్నీ సరిగున్నయ్. కానీ మా పండుగను మేకు చేసి గోడకు కొట్టినవ్. దానికి నీ క్యాలెండర్ తగిలేసినవ్. చూసేటోళ్లకు క్యాలెండర్ కనబడ్తది, మేకు కనబడదు.

నేను: నా కారణం వినండి. డిసెంబర్ వచ్చిందంటే నా ఫోన్‌కి ఒక సందేశం తిరిగి తిరిగి వస్తుంది. క్రిస్మస్ శుభాకాంక్షలు చెప్పకండి, మన పిల్లలకు సాంటా వేషం వేయకండి అని. పంపేవాళ్లు నాకు తెలిసినవాళ్లే, కొందరు చుట్టాలే. హిందూ కుటుంబంలో పుట్టి, రాజకీయాలు రాసే నేను నా పాఠకులందరికీ బహిరంగంగా ఆ మాట చెప్తే దానికో విలువుంటుంది. నోరు మూసుకుంటే ఆ సందేశానికి నేనూ తలూపినట్టే.

మాస్టారు: అంటే నువ్వు శుభాకాంక్షలు చెప్తున్నది నాకు కాదు. వాళ్లకు జవాబు చెప్తున్నవ్. నా భుజం మీద తుపాకి పెట్టి వాళ్లను కొడ్తున్నవ్.

నేను: ఆ మాట అన్యాయం. మీ భుజం కోసం కాదు, మీ పక్కన నిలబడాలని.

మాస్టారు: పక్కన నిలబడేటోళ్లు యేడంత కనబడ్తరు. పోయిన యాభై రెండు వారాలల్ల నువ్వు ఏమేం రాసినవో చెప్పు, విందాం.

(ఆయన పరీక్ష పెట్టే గొంతు అది. నాకు చిన్నప్పటిలాగే చేతులు చల్లబడ్డాయి. అయినా చెప్పాను.)

నేను: సంవత్సరమంతా ఎన్నికలే. బీఆర్ఎస్ లోక్‌సభలో రెండు మూడు సీట్లయినా నిలుపుకుంటుందని రాశాను. ఒక్కటీ రాలేదు, కాంగ్రెస్‌కు ఎనిమిది, బీజేపీకి ఎనిమిది, మజ్లిస్‌కు ఒకటి. ఆంధ్రలో గాలి తిరిగిందని రాశాను గానీ 151 సీట్ల పార్టీ 11కి పడిపోతుందని ఊహించలేదు. ఈ రెండు తప్పులూ ఉత్తరంలో ఒప్పుకున్నాను. మన కంటోన్మెంట్ అసెంబ్లీ సీటు గురించి రాశాను. ఎమ్మెల్యే సాయన్న పోయిన సంవత్సరం నాలుగు రోజులకే ఆయన కూతురు, తర్వాతి ఎమ్మెల్యే లాస్య నందిత ఔటర్ రింగ్ రోడ్డు మీద కారు ప్రమాదంలో పోయారు. మే 13న మనం ఒకేసారి రెండు ఓట్లు వేశాం, లోక్‌సభకొకటి, ఉప ఎన్నికకొకటి. తర్వాత బుడమేరు వరద, హైడ్రా కూల్చివేతలు. ఎస్సీ వర్గీకరణకు సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల బెంచి ఆగస్టు 1న ఒప్పుకుంటే దాని మీద వరసగా మూడు వారాలు రాశాను. ప్రొఫెసర్ సాయిబాబా మీద రెండుసార్లు. మార్చిలో నిర్దోషిగా బయటికొచ్చినప్పుడు ఒకసారి, అక్టోబర్‌లో నిమ్స్‌లో చనిపోయి, ఆయన దేహం గాంధీ మెడికల్ కాలేజీకి చేరినప్పుడు ఒకసారి.

మాస్టారు: ఆ రెండోది చదివి కండ్లనీళ్లు పెట్టుకున్న. దాని మీద ఎర్ర గీత ఒక్కటి పెట్టలేదు. సరే. తప్పులు ఒప్పుకున్నవ్, మంచిదే. మా ఆరాధనల ఒప్పుకోలు ఉంటది, తెలుసు గద? దాంట్ల చేసిన తప్పులే కాదు, చెయ్యవలసి ఉండి విడిచిపెట్టిన పనులు గూడ ఒప్పుకుంటం. నీ ఉత్తరంల మొదటి సగమే ఉన్నది.

నేను: ఏం విడిచిపెట్టానంటారు?

మాస్టారు: వర్గీకరణ మీద మూడు వారాలు రాసినవ్. మాదిగలకెంత, మాలలకెంత, లెక్కలతోని రాసినవ్. ఆ పల్లెలల్ల ఆదివారం పొద్దున ఎంతమంది చర్చికి పోతరో నీకు తెల్వదా? ఒక్క వాక్యమన్న రాసినవా?

నేను: ...రాయలేదు.

మాస్టారు: 1950 రాష్ట్రపతి ఉత్తర్వు నేన్ మీకు క్లాసుల చెప్పిన్నా లేదా?

నేను: చెప్పారు. మూడో పేరా. హిందువు కాని వ్యక్తిని షెడ్యూల్డు కులంగా లెక్కించరు. 1956లో సిక్కులను చేర్చారు, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు ఇప్పటికీ బయటే.

మాస్టారు: మాకు ఈడ 1970 కెల్లి బీసీ-సీ ఉన్నది. ఎస్సీలల్ల కెల్లి క్రైస్తవులైనోళ్లకు, వాళ్ల పిల్లలకు, ఒక్క శాతం. ఆ ఒక్క శాతమే తీసుకున్న నేను. జీతంల, సర్టిఫికెట్‌ల, పిల్లల ఫీజులల్ల, అంతట అదే రాసిన. మన కంటోన్మెంట్ సీటు గురించి అంత మంచిగ రాసినవ్. అది ఎస్సీ రిజర్వుడు సీటు. నేను ఓటు వెయ్యొచ్చు, నిలబడలేను. తెల్లారి మతం మార్చుకుంటే నిలబడొచ్చేమో. ఇది నీ వ్యాసంల లేదు.

నేను: లేదు మాస్టారూ. కానీ దీనికి ఇంకో వైపుంది, అది మీ ముందు దాచను. అంటరానితనం హిందూ సమాజం చేసిన నేరం, ఆ గాయానికి ఇచ్చిన మందు ఆ సమాజంలోనే ఉన్నవాళ్లకు చెందాలనే వాదన ఒకటి. హిందూ దళితుల భయం రెండోది, అది నాకు మరీ బరువైంది. ఉన్న పదిహేను శాతంలోనే మాల, మాదిగ వాటాలు ఇంకా తేలలేదు. ఇంకొకరొస్తే ఎవరి కంచంలోంచి తీస్తారు? నేను రాయకపోవడానికి ఈ చిక్కు కూడా కారణం. మరిచిపోయి మానేశానని అనుకోకండి.

మాస్టారు: ఆ భయం నిజమే. మా ఊర్ల నా చిన్ననాటి దోస్తు గూడ ఇదే అంటడు. నీ చేతికి బైబిలిచ్చిన్రు, నా చేతిల ముద్ద వదిలిపెట్టు అంటడు. వాని మీద నాకు కోపం రాదు. అయితే ఆ చిక్కును విప్పనీకి 2022ల జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసిన్రు. రెండేండ్లల్ల ఇయ్యాల్సిన రిపోర్టు ఇయ్యలే, ఇంకో యేడు పొడిగించిన్రు. ఇది వార్త కాదా? ఉమ్మడి అసెంబ్లీ 2009ల తీర్మానం చేసింది. మల్ల ఆంధ్ర అసెంబ్లీ 2023ల చేసింది. రెండూ ఢిల్లీకి పోయినయ్, ఆడనే ఉన్నయ్. ఇది రాజకీయం కాదా? చిక్కు ఉన్నదని రాయనీకి గూడ ఒక వారం దొరకలేదా నీకు?

(దీనికి నా దగ్గర సమాధానం లేదు. లోపల్నుంచి అమ్మగారు గులాబీ పువ్వులు, కజ్జికాయలు పళ్లెంలో పెట్టి తెచ్చారు. పండక్కి ఇంకా రెండు రోజులుంది కదండీ అంటే, చేసినప్పుడే తినాలి తల్లీ అన్నారు. ఒక గులాబీ పువ్వు చేతిలో పట్టుకుని నేనే మళ్లీ మొదలుపెట్టాను.)

నేను: మీరు నన్ను అడిగారు, నేనూ అడుగుతాను. మీ వైపు అంతా సవ్యంగా ఉందా? ఎన్నికల ముందు ఒక చర్చిలో నాయకులను ముందు వరసలో కూర్చోబెట్టి కేకు కోయించడం నా కళ్లతో చూశాను. ఆ వేదిక మీద ఒక్క పెద్దమనిషి కూడా 1950 ఉత్తర్వు ఊసెత్తలేదు. పెళ్లి ప్రకటనలు చూడండి, క్రైస్తవులమంటూనే పక్కన కులం రాస్తారు. కొన్ని ఊళ్లలో సమాధుల దొడ్లు కూడా వేరు. గుడి బయట నిలబెట్టారని వచ్చినవాళ్లను చర్చి లోపల వెనక బెంచీలో కూర్చోబెడితే, నేను ఎవరి గురించి రాయాలి?

మాస్టారు: రెండింటి గురించీ రాయి. నువ్వన్నది నిజం. మా అక్క పెండ్లి ఒక క్రైస్తవ ఇంటోళ్లతోనే కులం కాడ తప్పిపోయింది. దేవుని బల్ల కాడ ఒకటే గిన్నె, పెండ్లి పందిట్ల వేరే గిన్నె. కానీ నువ్వే చూడు, మేము చర్చిల గూడ అదే కులం మోస్తున్నమని నువ్వే అంటున్నవ్. సర్కారేమో చర్చికి పోంగనే మీకు కులం పోయిందంటున్నది. రెండింట్ల ఏదో ఒకటే నిజమైతది.

(ఈ మాట ఆయన గట్టిగా అనలేదు. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. ఇన్నేళ్ల రాజకీయ రచనలో ఈ వాదం ఇంత సూటిగా నాకు తట్టలేదు.)

నేను: నా పాఠకుల్లో చాలామంది వేరే మాటంటారు. తిండికి మారారు, బట్టలకు మారారు, ఇప్పుడు రిజర్వేషన్‌కూ వస్తున్నారని.

మాస్టారు: మెదక్ గుడి ఎట్ల లేచిందో ఎరుకే గద. మిషనరీ పాస్నెట్ దొర 1895ల ఈడ, మన తిరుమలగిరిల తెల్ల సిపాయిల నడుమ పని చెయ్యనీకి వచ్చిండు. అక్కడ్నుంచి పల్లెలకు కదిలి మెదక్ చేరిండు. కరువు కాలంల పదేండ్లు కట్టిన్రు ఆ గుడి. పని చేసినోళ్లకు తిండి. మా తాత రాయి మోసిండు. మోసి తిన్నడు, ఊరికె తినలే. ఆ నూట డెబ్బై అయిదు అడుగుల గోపురంల మా తాత మెడ నొప్పి ఉన్నది. ఇంక రిజర్వేషన్ సంగతా? రిజర్వేషన్ కోసం మారేటోడు, రిజర్వేషన్ పోయే మతంలకు ఎందుకొస్తడమ్మా?

నేను: నవంబర్ 26 తీర్పు దాని గురించే కదా. పుదుచ్చేరి అమ్మాయి కేసు. క్రైస్తవాన్ని ఆచరిస్తూ ఉద్యోగం కోసం ఎస్సీ సర్టిఫికెట్ అడగడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని సుప్రీంకోర్టు అంది.

మాస్టారు: రాజ్యాంగం ఆమోదించి డెబ్బై అయిదేండ్లు నిండిన రోజే అన్నది. ఆ తీర్పు మీద గూడ నువ్వు రాయలే.

నేను: ఆ వారం కులసర్వే మీద రాశాను.

మాస్టారు: సర్వే నా దగ్గరికీ వచ్చింది. ముందుగాల తలుపు మీద స్టిక్కర్ అంటించిన్రు. తర్వాత ఒక టీచరమ్మ వచ్చింది, డెబ్బై అయిదు ప్రశ్నల కాగితం పట్టుకోని. టీచర్ గద, మంచిగ కూసోబెట్టిన. మతం అన్నది, క్రైస్తవం అన్న. కులం అన్నది, బీసీ-సీ అన్న. అది కేటగిరీ గద సార్, కులమేంది అన్నది. చెప్పిన. పిలగానికి తండ్రి పేరు చెప్పినట్టు చెప్పిన. రాసుకుంది, పోయింది. ఆమె పోయినంక గంట సేపు ఈ కుర్చీల కెల్లి లేవలే. అరవై ఏండ్ల తర్వాత ఆ మాట నా నోట మల్ల చెప్పించిన్రు. దాంతోని నాకు వచ్చేదేం లేదు.

(కాసేపు వీధిలో స్కూటర్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత ఆయన గొంతు తగ్గించారు.)

మాస్టారు: మా తమ్ముడు నీకు తెలుసు గద.

నేను: కార్ఖానా దాటాక ఉంటారు. పోయినేడు క్రిస్మస్‌కి వాళ్ల డాబా మీద పెద్ద స్టార్ కట్టారు, రోడ్డు మీదికి కనిపించింది.

మాస్టారు: వాడు కాగితం మీద హిందువు. ఇద్దరం ఒక్క తల్లి కడుపున పుట్టినం, ఒక్కటే చర్చిల బాప్తిస్మం తీసుకున్నం. నేను బీసీ-సీ రాయించుకున్న, వాడు రాయించుకోలే. వాని కొడుక్కి ఉద్యోగం వచ్చింది, నా కొడుక్కి రాలే. ఇన్నేండ్లు దాని గురించి మా ఇద్దరి నడుమ ఒక్క మాట లేదు. వాడు నన్ను పిచ్చోడనలే, నేను వాణ్ని దొంగ అనలే. నవంబర్‌ల ఆ తీర్పు వచ్చినంక వానింట్ల ఎవరికీ నిద్ర లేదు. ఈ యేడు వాడు స్టార్ కట్టలే బిడ్డా.

నేను: ఇది రాయాలి మాస్టారూ. ఇది తప్పకుండా రాయాలి.

మాస్టారు: అదే వద్దంటున్న. నువ్వు ఒక్క పేరా రాస్తవ్. ఎవడో అర్జీ పెడ్తడు. పిలగాని సర్టిఫికెట్ మీద విచారణ పడ్తది. నీ వ్యాసానికి మంచి పేరొస్తది, వాని ఇంటికి నోటీసొస్తది. నువ్వు మా గురించి రాయలేదని నేనే అన్న. రాస్తనంటే నేనే భయపడుతున్న. ఇదీ మా బతుకు.

నేను: మరి నన్నేం చేయమంటారు? మౌనం తప్పన్నారు. మాట ప్రమాదమంటున్నారు.

మాస్టారు: మనిషిని బోనుల నిలబెట్టకు. ఉత్తర్వును నిలబెట్టు.

నేను: ఉత్తర్వుకు ముఖం ఉండదు. ముఖం లేని వ్యాసాన్ని పాఠకుడు రెండో పేరా దాటి చదవడు. నా అనుభవం మీద చెప్తున్నాను.

మాస్టారు: నా ముఖం పెట్టు. నేన్ కాగితం మీద గూడ క్రైస్తవున్నే. నాకు పోయేదేం లేదు.

నేను: పెడతాను. శుభాకాంక్షలు మాత్రం తీయను. మీకు చెప్పే హక్కు నాకింకా రాలేదంటారు, సరే, ఈ ఏడాది నేను మీ గురించి రాయలేదు. కానీ బాకీ తీరేదాకా మాట్లాడకూడదంటే ఈ దేశంలో ఎవరూ ఎవరికీ పండగ పూట పలకరింపు చెప్పలేరు. మా వీధి ముగ్గుల వాళ్లు మీ స్టార్ చూసి నవ్వితే చాలని నేను కోరుకుంటున్నాను. రిజర్వేషన్ తేలాక నవ్వుకుందామంటే మన పిల్లలు ముసలివాళ్లవుతారు.

మాస్టారు: అది ఒప్పుకుంట. అయితే ఉత్తరం అడుగున పెట్టకు. అడుగున పెడితే సంతకం లెక్క ఉంటది, ఎవరూ చూడరు. మొదట పెట్టు. దండం ముందు, దావా తర్వాత.

నేను: మహాడ్ తీయమంటారా?

మాస్టారు: తియ్యకు. ఇంకో వారం దానికే రాయి. ఆ పని ఒక్క లైన్ల అయ్యేది కాదు. ఇంకోటి. ముప్పై ఒకటి రాత్రి వాచ్‌నైట్ సర్వీసుకు రా. వెస్లీ కాలం నుంచి ఉన్నదిది మా వాళ్లకు. ఏడాది ఎట్ల గడిచిందో ఒక్కొక్కరు లేచి సాక్ష్యం చెప్తరు. ఫలానా నెల పిల్లకు జ్వరం తగ్గింది, ఫలానా దినం అప్పు తీరింది, మా ఆయన తాగుడు మానిండు. ఎవ్వరూ దేశంతోని మొదలుపెట్టరు. నువ్వు ఏటా దేశంతోనే మొదలుపెడ్తవ్.

నేను: దేశం గురించి చెప్పడం నా పని మాస్టారూ. అందులో మీతో ఏకీభవించను. జ్వరం తగ్గిందని ఒకావిడ చెప్తుంది. ఆ జ్వరం ఏ మురికి కాలవ వల్ల వచ్చిందో చెప్పేవాళ్లు కూడా ఉండాలి.

మాస్టారు: ఉండాలె. కానీ ముందుగాల ఆమెను చెప్పనియ్యి.

అప్పుడే వీధి మొగలో వ్యాన్ ఆగింది. క్యారల్స్ పిల్లలు. పదిమంది దాకా ఉన్నారు, ఒకడికి సాంటా టోపీ, ఒకడి మెడలో డ్రమ్ము, ఇద్దరమ్మాయిల దగ్గర పాటల కాగితాలు. గేటు తీసుకుని వచ్చి రెండు పాటలు పాడారు. ఎదురింటి మామ్మ తలుపు తీసుకుని బయటికొచ్చి నిలబడి విన్నారు. మాస్టారు కానుక కవరిచ్చారు, అమ్మగారు కజ్జికాయలు పంచారు. వెళ్తూ వెళ్తూ వాళ్లలో పెద్దవాడు చేతిలో కాగితం చూసుకుంటూ ఆగాడు.

"తాతా, లిస్టుల చిన్న తాతోళ్ల ఇల్లు గూడ ఉన్నది. ఈసారి స్టార్ కట్టలేదంట. పోవాల్నా, వద్దా?"

మాస్టారు నా వైపు చూడలేదు. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"పోండి. టోపీ వ్యాన్‌ల ఉంచుండ్రి. లోపలికి పోయి, తలుపు వేసినంక పాడుండ్రి. డ్రమ్ము ఈడ పెట్టిపోండి."

ఆ అబ్బాయి మెడలోంచి పట్టీ తీసి, డ్రమ్మును నా కుర్చీ పక్కన పెట్టాడు.